విక్రమ్-ఎస్: ఎత్తుకు తక్కువ, ఏర్పాటుకు ఎక్కువ మార్కులు

2022 నవంబరు 18, శుక్రవారం ఉదయం 11.30 గంటలకు శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం (షార్) నుంచి విక్రమ్-ఎస్ అనే చిన్న రాకెట్ ఎగిరింది. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ ఏరోస్పేస్ అనే అంకుర సంస్థ. మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ రూపొందించిన రాకెట్ షార్ నుంచి పైకి లేవడం అదే మొదటిసారి కాబట్టి, ‘ప్రారంభ్’ అని పేరు పెట్టిన ఆ ప్రయోగం గురించి అప్పట్లో వచ్చిన రాతల్లో అభినందనలే ఎక్కువ, పరిశీలన తక్కువ. అభినందించవలసిన పనే, అందులో సందేహం లేదు. అయితే రాకెట్ అన్నది చివరకు కిరాయి తీసుకొని సరుకు మోసే వాహనం, దీన్ని నిర్మించినది ఆ వ్యాపారం కోసమే పుట్టిన కంపెనీ. కాబట్టి ఏ రవాణా సేవనైనా తూచినట్టే దీన్నీ తూచాలి: ఏం చేస్తానంది, ఏం చేసి చూపింది, ఎవరికి పనికొచ్చింది, దేన్ని పరీక్షించకుండా వదిలేసింది. ఈ సమీక్ష ఆ లెక్కలోనే సాగుతుంది.

ముందుగా వాహనం సంగతి. విక్రమ్-ఎస్ పొడవు ఆరు మీటర్లు, వ్యాసం 0.375 మీటర్లు, బరువు 545 కిలోలు. ఇస్రో పీఎస్‌ఎల్‌వీ 44 మీటర్ల పొడవుతో, 320 టన్నుల బరువుతో ఉంటుందని గుర్తుంచుకుంటే ఇది ఎంత చిన్నదో తెలుస్తుంది. దీనికి ఉన్నది ఒకే దశ. ఆ దశలో కలామ్-80 అనే ఘన ఇంధన మోటారు ఉంది, దాని గరిష్ఠ చోదక బలం ఏడు టన్నులు. కట్టడమంతా కార్బన్ మిశ్రమ పదార్థంతో చేశారు. రాకెట్ ఎగిరే సమయంలో తన అక్షం చుట్టూ తాను తిరుగుతూ నిలకడగా సాగడానికి అవసరమైన చిన్న థ్రస్టర్లను 3డీ ప్రింటింగ్ పద్ధతిలో తయారుచేశారు. 83 కిలోల బరువును 100 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చగల సామర్థ్యం దీనికి ఉందని కంపెనీ తన వివరాల్లో పేర్కొంది. ఈ పేరు విక్రమ్ సారాభాయ్‌ని, మోటారు పేరు అబ్దుల్ కలామ్‌ని తలచుకొని పెట్టినవని వేరే చెప్పనక్కర్లేదు.

ప్రయాణం మొత్తం అయిదు నిమిషాల లోపే ముగిసింది. 85 డిగ్రీల కోణంలో వేదికను విడిచిన రాకెట్ శబ్దవేగానికి అయిదు రెట్ల వేగాన్ని అందుకొని, 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, 121.2 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో పడిపోయింది. మోటారు మండేది మొదట కొద్దిసేపే. ఆ తర్వాత ప్రయాణమంతా అప్పటికి సంపాదించుకున్న వేగం మీదే సాగుతుంది. ఉపకక్ష్య ప్రయోగం అంటే ఇదే. దీనికీ, ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టే ప్రయోగానికీ ఉన్న తేడాను చాలామంది ఎత్తులో వెతుకుతారు గాని, అసలు తేడా వేగంలో ఉంది. శబ్దవేగానికి అయిదు రెట్లంటే సెకనుకు సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. భూమికి దగ్గరి కక్ష్యలో ఒక వస్తువు పడిపోకుండా తిరుగుతూ ఉండాలంటే సెకనుకు దాదాపు ఏడున్నర కిలోమీటర్ల వేగం కావాలి. వేగం అయిదు రెట్లయితే, అదే బరువుకు కావలసిన గతిశక్తి ఇరవై అయిదు రెట్లవుతుంది. విక్రమ్-ఎస్ చేసిన పనికీ, స్కైరూట్ అమ్మదలచుకున్న అసలు సేవకూ మధ్య ఉన్న దూరం ఇంత. ఈ రాకెట్ ఉపగ్రహాలను కక్ష్యలోకి పంపిందని ఇప్పటికీ నమ్మేవారు నాకు తరచుగా తారసపడుతుంటారు. వారి ఉత్సాహాన్ని చల్లార్చడం ఇష్టం లేకపోయినా, ఆ మాట నిజం కాదని చెప్పక తప్పదు.

ఎత్తు విషయంలో ఇంకొక పేచీ ఉంది. అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు అంతర్జాతీయంగా ఎక్కువమంది వాడే జవాబు కార్మన్ రేఖ, అంటే 100 కిలోమీటర్లు. అమెరికా వైమానిక దళం మాత్రం 50 మైళ్లను, అంటే సుమారు 80 కిలోమీటర్లను హద్దుగా పాటిస్తుంది. విక్రమ్-ఎస్ చేరిన 89.5 కిలోమీటర్లు ఈ రెండింటి నడుమ పడ్డాయి. ప్రయోగానికి ముందు చెప్పిన లక్ష్యం 80 కిలోమీటర్లకు కొంచెం పైన కాబట్టి, తాను పెట్టుకున్న పరీక్షలో రాకెట్ నెగ్గిందనే చెప్పాలి. కాని వివరాల పట్టికలో 100 కిలోమీటర్ల సామర్థ్యం రాసి, అసలు ప్రయాణంలో ఆ గీతను తాకకుండా, పత్రికా ప్రకటనల్లో ‘అంతరిక్షం’ అనే మాటను ధారాళంగా వాడుకోవడం నాకు నచ్చలేదు. ఏ కొలత ప్రకారం అంతరిక్షమో ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే సరిపోయేది.

ఇస్రో సౌండింగ్ రాకెట్ల (వాతావరణ పరిశోధన కోసం పైకి వెళ్లి తిరిగి పడిపోయే చిన్న రాకెట్ల) పక్కన పెట్టి చూస్తే ఈ ఎత్తు ఏమంత గొప్పది కాదు. 1963 నవంబరు 21న తుంబా నుంచి ఎగిరిన నైకీ-అపాచీతో మన దేశంలో ఈ తరహా ప్రయోగాలు మొదలయ్యాయి. ఆ తర్వాత ఇస్రో సొంతంగా చేసుకున్న రోహిణి శ్రేణిలో ఆర్‌హెచ్-300 మార్క్-2 అనే రాకెట్ 60 కిలోల బరువును 160 కిలోమీటర్ల దాకా, ఆర్‌హెచ్-560 మార్క్-2 వంద కిలోలను 470 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లగలవు. వాతావరణ పొరలను పరిశోధించే శాస్త్రవేత్త ఎవరైనా తన పరికరాన్ని పైకి పంపాలనుకుంటే ఆయన చూపు సహజంగా వీటివైపే పోతుంది. కేవలం సౌండింగ్ రాకెట్‌గా తీసుకుంటే విక్రమ్-ఎస్‌కు ఆ బజారులో చోటు తక్కువ. కంపెనీ కూడా దాన్ని అలా అమ్మాలనుకోలేదు. ఉపగ్రహాలను కక్ష్యలో పెట్టడానికి తర్వాత రాబోయే విక్రమ్-1 రాకెట్‌కు కావలసిన విడిభాగాలనూ పద్ధతులనూ ఎగిరించి చూసుకోవడానికి చేసిన ప్రదర్శక వాహనంగానే దాన్ని పరిచయం చేసింది. కాబట్టి అసలు తూకం అక్కడే వేయాలి.

ఆ తూకంలో కొన్ని పాసయ్యాయి. ఘన ఇంధనాన్ని నింపిన కార్బన్ మిశ్రమ పదార్థపు కవచం నేల మీద బిగించి మండించినప్పుడు తట్టుకోవడం ఒక సంగతి. గాలి ఒరిపిడి, వేడి, కంపనం, తిరుగుడు అన్నీ ఒక్కసారే మీదపడినప్పుడు తట్టుకోవడం వేరొక సంగతి. ఆ రెండోది విక్రమ్-ఎస్ చేసి చూపింది. ఘన ఇంధన మోటారును ఒకసారి వెలిగిస్తే మధ్యలో ఆర్పే వీలు లేదు, కాబట్టి మొదటి ప్రయోగంలోనే అనుకున్న దారిలో సాగడం చిన్న విషయం కాదు. ఆన్‌బోర్డు కంప్యూటర్, సెన్సర్లు, రాకెట్ నుంచి సమాచారాన్ని నేలకు పంపే టెలిమెట్రీ కూడా అసలైన ఎగిరే పరిస్థితుల్లో పనిచేశాయి. 2020 డిసెంబరులో కలామ్-5 అనే చిన్న మోటారుతో మొదలుపెట్టి, 2022 మే నెలలో నాగ్‌పూర్‌లోని సోలార్ ఇండస్ట్రీస్ ఆవరణలో కలామ్-100ను మండించి చూసి, అదే ఏడాది నవంబరుకు ఒక పూర్తి రాకెట్‌ను వేదిక మీదికి తేవడం నిదానంగా, క్రమపద్ధతిలో చేసిన పని.

పరీక్షించనివి ఇంకా ముఖ్యమైనవి. విక్రమ్-ఎస్‌లో ఒకే దశ ఉంది గనుక దశలు విడిపోవడం, అంటే మండిపోయిన దశ రాలిపోయి పై దశ అందుకోవడం అనే ఘట్టమే లేదు. అది తిరుగుతూ నిలకడను సాధించే రాకెట్ గనుక, మంట వెలువడే నాజిల్‌ను అటూ ఇటూ తిప్పి దారి దిద్దుకునే వ్యవస్థ కూడా లేదు. దారి తప్పితే తనంతట తాను సరిచేసుకొని, నిర్ణీత వేగంతో నిర్ణీత కక్ష్యలో ఉపగ్రహాన్ని వదిలే బాధ్యత దాని మీద పడలేదు. విక్రమ్-1లో మూడు ఘన ఇంధన దశలు, వాటి పైన ద్రవ ఇంధనంతో పనిచేసే కక్ష్యా సర్దుబాటు విభాగం ఉంటాయి. ‘విక్రమ్-1లో వాడే సాంకేతికతలో అధికభాగాన్ని ఈ ప్రయోగంలో ధ్రువీకరించుకుంటాం’ అన్న కంపెనీ మాట విడిభాగాల లెక్కలో నిజమే కావచ్చు గాని, ప్రమాదాల లెక్కలో నిజం కాదు.

ఈ మాటకు రుజువు కోసం పరదేశాలకు పోనక్కర్లేదు. విక్రమ్-ఎస్‌కు మూడు నెలల ముందు, 2022 ఆగస్టు 7న, ఇదే శ్రీహరికోట నుంచి ఇస్రో తన కొత్త చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీని మొదటిసారి ప్రయోగించింది. మూడు ఘన ఇంధన దశలూ బాగానే మండాయి. కాని రెండో దశ విడిపోయే సమయంలో క్షణకాలం వచ్చిన కంపనానికి, వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్లు తట్టుకోలేకపోయాయి. వాటి కొలతలు చెడిపోయాయని భావించిన కంప్యూటర్ అత్యవసర పద్ధతిలోకి మారిపోయింది. ఫలితంగా ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు 356, 76 కిలోమీటర్ల కోలాకార కక్ష్యలో పడి పనికిరాకుండా పోయాయి. అర్ధ శతాబ్దపు అనుభవం ఉన్న ఇస్రోకే ఒక దశ విడిపోయే ఆ రెప్పపాటులో ఇలా జరిగింది. అలాంటి క్షణం ఒక్కటి కూడా లేని ప్రయోగాన్ని చూపించి, తర్వాతి వాహనం గురించి ధీమాగా మాట్లాడడం తొందరపాటు.

ఇంత చెప్పాక, ఈ ప్రయోగానికి నేను ఎక్కువ మార్కులు ఎందుకు వేస్తున్నానో చెప్పాలి. విక్రమ్-ఎస్ నిజంగా పరీక్షించింది రాకెట్‌ను కాదు, ఒక ఏర్పాటును. 2020 జూన్ వరకు మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ రాకెట్ చేసుకున్నా దాన్ని ఎగిరించడానికి దారి లేదు. ఆ నెలలో కేంద్రం ప్రకటించిన సంస్కరణలతో ప్రైవేటు అంతరిక్ష ప్రయోగాలకు అనుమతులిచ్చే ఇన్-స్పేస్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 2021 సెప్టెంబరులో స్కైరూట్ ఇస్రోతో ఒప్పందం చేసుకుంది, ఇస్రో ప్రయోగశాలలనూ పరీక్షా కేంద్రాలనూ వాడుకునే వీలు దానితో కలిగింది. అహ్మదాబాద్‌లోని ఇన్-స్పేస్ కార్యాలయం 2022 జూన్‌లో ప్రారంభమైంది. ఆ తర్వాత అయిదు నెలలకే అది ఒక ప్రైవేటు రాకెట్‌కు అనుమతి ఇవ్వవలసి వచ్చింది. భారత అంతరిక్ష విధానం అనే పత్రం బయటికి వచ్చింది 2023 ఏప్రిల్‌లో; అంటే విధానం అచ్చులోకి రాకముందే రాకెట్ ఎగిరిపోయింది. మన కార్యాలయాల తీరు తెలిసినవారికి ఇది ఎంత అరుదైన సంగతో వివరించనక్కర్లేదు.

అనుమతి అంటే ఒక కాగితం మీద ముద్ర వేయడం కాదు. 1967 నాటి బాహ్యాంతరిక్ష ఒడంబడిక ప్రకారం, ఒక దేశపు ప్రైవేటు సంస్థ అంతరిక్షంలో చేసే పనులకు ఆ దేశ ప్రభుత్వమే బాధ్యత వహించాలి, వాటిని అనుమతించి నిరంతరం పర్యవేక్షించాలి. రాకెట్ ముక్క ఒకటి పరాయి దేశపు ఓడ మీద పడితే నష్టపరిహారం కట్టవలసింది ముందుగా భారత ప్రభుత్వం. అందుకే ఆ రాకెట్ ఎటు వంగితే ఏమవుతుంది, ఎక్కడ పడుతుంది, ఆ సమయంలో సముద్రంలో, ఆకాశంలో ఎవరుంటారు అనే లెక్కలన్నీ ఇస్రో భద్రతా నిపుణుల ముందు పెట్టి ఒప్పించుకోవాలి. నాలుగేళ్ల వయసున్న ఒక కంపెనీ ఇంజినీర్లు ఈ పరీక్షకు నిలబడ్డారు. ఇంతకాలం తమ రాకెట్లను మాత్రమే చూసిన షార్ అధికారులు బయటివారి రాకెట్‌ను తమ ప్రాంగణంలోకి తెచ్చి, బిగించి, ఎగిరించే పద్ధతిని నేర్చుకున్నారు. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే విక్రమ్-ఎస్ విలువ తెలుస్తుంది. స్కైరూట్ వ్యవస్థాపకులు పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా ఇద్దరూ ఇస్రోలో పనిచేసి బయటికి వచ్చినవారు కావడం ఇక్కడ బాగా అక్కరకు వచ్చి ఉంటుంది. అవతలివారు ఏ ప్రశ్న అడుగుతారో ముందే తెలిసినవారు వారు.

తేదీ విషయంలో కూడా సంస్థ మెలకువ చూపింది. మొదట నవంబరు 12 నుంచి 16 మధ్య అన్నారు, తర్వాత 15 అన్నారు, వాతావరణం సహకరించక 18కి మార్చారు. నెల్లూరు, తిరుపతి తీరంలో నవంబరు అంటే ఈశాన్య రుతుపవనాల నెల, వాయుగుండాల నెల; అప్పుడు ముహూర్తం పెట్టుకోవడమే కొంత సాహసం. మంత్రులు, అతిథులు వచ్చే కార్యక్రమమని మబ్బుల్లోనే ఎగిరించే తొందర పడలేదు. ఇలాంటి చోట ఆలస్యానికి మార్కులు తగ్గించకూడదు, పెంచాలి.

అయితే ‘ప్రైవేటు ప్రయోగం’ అనే మాటను కొంచెం నిదానంగా వాడాలి. రాకెట్ స్కైరూట్‌ది. వేదిక ఇస్రో సౌండింగ్ రాకెట్ల సముదాయానిది; జాడ పట్టే రాడార్లు, భద్రతా వ్యవస్థ ఇస్రోవి. ఇందులో తప్పేమీ లేదు. అమెరికాలో కూడా ప్రైవేటు సంస్థలు ప్రభుత్వ ప్రాంగణాలనే వాడుకొని ఎదిగాయి. పైగా హైదరాబాద్‌లోని ఎంటార్ వంటి సంస్థలు ఎన్నో ఏళ్లుగా ఇస్రో రాకెట్లకు ఇంజిన్ భాగాలు చేసి ఇస్తూనే ఉన్నాయి, కాబట్టి ఈ రంగంలో ప్రైవేటు చెయ్యి పడడం కొత్త కాదు. కొత్తది ఏమిటంటే, ముక్కలు చేసి ఇచ్చేవారి వరుసలోంచి ఒకరు లేచి మొత్తం వాహనానికి తామే యజమానులమని నిలబడడం. గెలిచినా ఓడినా పేరు తమదే అనే ఆ స్థితికి ధైర్యం కావాలి.

ఇక ప్రయాణికుల సంగతి. ఈ రాకెట్‌లో మూడు పేలోడ్లు వెళ్లాయి: చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా పంపిన ఫన్‌శాట్, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎన్-స్పేస్ టెక్ పరికరం, ఆర్మేనియాకు చెందిన బజూమ్‌క్యూ స్పేస్ రిసెర్చ్ ల్యాబ్ పరికరం. ఫన్‌శాట్ బరువు రెండున్నర కిలోలు. భారత్, అమెరికా, సింగపూర్, ఇండోనేషియా విద్యార్థులు కలిసి చేసినది. విద్యార్థులకు ఇలాంటి ప్రయాణం నిజంగా పనికొస్తుంది, తాము చేసిన సర్క్యూట్ ప్రయోగపు కుదుపులను తట్టుకుంటుందో లేదో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. స్పేస్ కిడ్జ్ వారికి ఆ ఏడాది ఆగస్టులో చేదు అనుభవం ఎదురైంది; 750 మంది బాలికలు కలిసి చేసిన వారి ఆజాదీశాట్, పైన చెప్పిన ఎస్‌ఎస్‌ఎల్‌వీతో పాటే పోయింది. అయినా మూడు నెలలకే ఒక కొత్త కంపెనీ తొలి రాకెట్‌లో తమ పరికరాన్ని పెట్టడం వారి పట్టుదలకు గుర్తు. కానీ మూడు చిన్న పరికరాలతో 83 కిలోల సామర్థ్యం రుజువైందని ఎవరూ అనుకోకూడదు. పూర్తి బరువుతో, పూర్తి కిరాయి చెల్లించే ఖాతాదారుతో ఈ వాహనం ఆ రోజు ఎగరలేదు.

పోలిక కోసం చెన్నై ఐఐటీలో పురుడు పోసుకున్న అగ్నికుల్ అనే మరో అంకుర సంస్థ ప్రయోగాన్ని చూడవచ్చు. 2024 మే 30న, నాలుగుసార్లు వాయిదా పడ్డాక అయిదో ప్రయత్నంలో, షార్‌లోనే తాము కట్టుకున్న ధనుష్ వేదిక నుంచి వారు తమ రాకెట్‌ను ఎగిరించారు. అందులోని ఇంజిన్‌ను ఒకే ముక్కగా 3డీ ప్రింటింగ్‌లో చేశారు. అది కిరోసిన్ తరగతి ఇంధనం, ద్రవ ఆక్సిజన్ కలిపి మండించే సెమీ క్రయోజెనిక్ ఇంజిన్. ఎత్తులో అది విక్రమ్-ఎస్‌కు ఎంతమాత్రం సాటి రాదు. కానీ దారిని తానే దిద్దుకుంటూ ఎగిరిన నియంత్రిత ప్రయాణం అది. ఎవరిది గొప్ప అని అడిగేవారికి నా జవాబు ఇది: స్కైరూట్ సులభమైన ప్రశ్నను ముందుగా ఎంచుకొని త్వరగా జవాబు రాసింది, అగ్నికుల్ కష్టమైన ప్రశ్నతో మొదలుపెట్టి ఆలస్యం చేసుకుంది. సాంకేతికంగా నాకు రెండోదే ఎక్కువ ఆసక్తి కలిగించింది. వ్యాపారంగా మాత్రం మొదటిదే తెలివైన ఎత్తుగడ.

ఎత్తుగడ అనడానికి కారణం ఉంది. విక్రమ్-ఎస్ ఎగరడానికి రెండు నెలల ముందే, 2022 సెప్టెంబరులో, సింగపూర్‌కు చెందిన జీఐసీ అనే పెట్టుబడి సంస్థ ముందుండి నడిపిన విడతలో స్కైరూట్ 5.1 కోట్ల డాలర్లు సేకరించింది. ప్రయోగం తర్వాత ఏడాదిలోపే, 2023 అక్టోబరులో, టెమాసెక్ అనే మరో సింగపూర్ పెట్టుబడి సంస్థ నేతృత్వంలో మరో 2.75 కోట్ల డాలర్లు వచ్చాయి. రాకెట్ కంపెనీకి డబ్బు ఇచ్చేవాడు నివేదికలు ఎన్ని చదివినా, ఎగిరిన రాకెట్ ఒక్కటి చూస్తే కలిగే నమ్మకం వేరు. ఆ నమ్మకాన్ని కొనుక్కోవడానికి విక్రమ్-ఎస్ చాలా చవకైన సాధనం.

ఆ నమ్మకంతో ఇచ్చిన తేదీలే నిలబడలేదు. విక్రమ్-1ను 2023లో ఎగిరిస్తామని ప్రయోగ సమయంలో చెప్పారు. రెండో దశ మోటారు కలామ్-250ను మండించి చూసింది 2024 మార్చిలో, మొదటి దశ కలామ్-1200ను పరీక్షించింది 2025 ఆగస్టులో. 2025 నవంబరు 27న ప్రధానమంత్రి హైదరాబాద్‌లోని వారి ఇన్ఫినిటీ ప్రాంగణాన్ని వీడియో ద్వారా ప్రారంభించి విక్రమ్-1ను ఆవిష్కరించేనాటికి కూడా ఆ రాకెట్ ఎగరలేదు. రాకెట్ల ప్రపంచంలో ఇది వింత కాదు. రాకెట్ ల్యాబ్ అనే సంస్థ 2009లో న్యూజిలాండ్ నుంచి ఆతేయా-1 అనే చిన్న ఉపకక్ష్య రాకెట్‌ను ఎగిరించింది. దాని ఎలక్ట్రాన్ రాకెట్ 2017లో తొలి ప్రయత్నంలో కక్ష్యను చేరలేక, 2018 జనవరిలో చేరింది. ఎనిమిదేళ్లు పట్టిందన్నమాట. ఆ లెక్క తెలిసిన కంపెనీ ఒక్క ఏడాది గడువు చెప్పి ఉండకూడదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద లోపం ఇదే. రాకెట్‌లో కాదు, క్యాలెండర్‌లో.

మార్కులు వేయమంటే, అయిదుకు గాను ప్రయోగ నిర్వహణకు నాలుగున్నర, సాంకేతిక ప్రదర్శనకు మూడు, ప్రకటనల్లోని నిజాయతీకి రెండున్నర వేస్తాను. ఇక విక్రమ్-ఎస్ రికార్డును చూపించి ఎవరైనా విక్రమ్-1లో చోటు అమ్మజూపితే, కొనేవారు అడగవలసినవి దశలు విడిపోయే పరీక్షలు ఎన్ని జరిగాయి, నాజిల్‌ను తిప్పే వ్యవస్థ పూర్తి బరువు మీద ఎంతసేపు పనిచేసింది, కక్ష్య తప్పితే మళ్లీ ప్రయాణం ఉచితమా కాదా అన్న ప్రశ్నలు. వాటిలో ఒక్కదానికి కూడా విక్రమ్-ఎస్ దగ్గర జవాబు లేదు.